కొసరుకొచ్చిన హారన్

మా తమ్ముడి కొడుకు శీను జగ్దల్‌పూర్‌లో పాత కార్లు కొని అమ్మే దుకాణం తెరిచాడు. "అత్తా, నువ్వు రాకుంటే రిబ్బన్ కత్తిరించేది లేదు" అని మనిషిని పంపిస్తే వెళ్ళాను. పూలదండలు, లడ్డూల డబ్బాలు, తుడిచి వరుసగా నిలబెట్టిన కార్లు, అన్నీ బాగానే ఉన్నాయి. లోపల వాడి బల్ల వెనక గోడకు చిన్న అలమర చేయించి, ఎర్ర మఖ్మల్ గుడ్డ పరిచి, దాని మీద ఒక ఇత్తడి హారన్ పెట్టాడు. వెనక నల్ల రబ్బరు బుడ్డ ఉండి, పిసికితే బాతు అరిచినట్టు మోగే పాతకాలపు హారన్. చింతపండు పెట్టి తోమించినట్టున్నాడు, తళతళమంటోంది. వచ్చినవాళ్ళకల్లా దాని కథ చెప్తున్నాడు, సగం హిందీలో సగం తెలుగులో. "మా తాత భోపాల్‌పట్నంల మొట్టమొదటి కారు కొన్నడు. ఠేకేదారు చెప్పిన ధరల సగానికి దించిండు. దించి ఊరుకున్నడా, పైనుంచి ఈ హారన్ కొసరు గుంజిండు. బేరం మా రక్తంల ఉన్నది సార్." అందరూ నవ్వారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ తర్వాత అక్కడ నేను చేసింది చివర చెప్తాను, ముందు ఆ బేరం సంగతి చెప్పాలి.

ఈ కథ మా ఇంట్లో ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని బారసాలల్లో విన్నానో లెక్కలేదు. మా నాయిన చెప్పాడు, ఆయన పోయాక తమ్ముడు చెప్పాడు, ఇప్పుడు వీడు అందుకున్నాడు. అందరూ ఆ ధర ఎంతో దేవుడి పేరు పలికినట్టు పలుకుతారు. నేను మాత్రం ఇక్కడ రాయను, నాకు దాని మొహం చూడాలని లేదు. ఆ కథలో ఠేకేదారు ఉంటాడు, కారు ఉంటుంది, మబ్బులు ఉంటాయి, హారన్ ఉంటుంది. నేను ఉండను. ఎవరి కోసం ఆ కారు కావాల్సి వచ్చిందో ఒక్కడూ చెప్పడు. నేను ఎప్పుడైనా నోరు తెరిస్తే "అక్కకు కోపం ఎక్కువ" అని తమ్ముడు మాట మార్చేవాడు. అవును, ఎక్కువే. డెబ్భై ఏళ్ళు దాటినా తగ్గలేదు, తగ్గించుకోవాలని కూడా లేదు.

అప్పుడు మాది బస్తర్ రాజ్యం. రాజుగారు జగ్దల్‌పూర్‌లో ఉండేవారు, మాకు దగ్గర్లో ఉన్నది జమీందారే. జగ్దల్‌పూర్ అంటే ఎడ్లబండి మీద వారం పైన పట్టే దూరం, మధ్యలో అంతా అడవి, వాగులు. భోపాల్‌పట్నంలో మా ఇల్లూ దుకాణమూ ఒకటే. ముందు గదిలో నాయిన కూర్చునే గద్దె, కాటా, ఉప్పు బస్తాలు, బట్టల తానులు, కిరసనాయిలు డబ్బాలు. నడిమింట్లో ఇప్పపువ్వు ఆరబోసి ఉండేది. ఆ తియ్యటి పులిసిన వాసన, చింతపండు పులుపు, సారపప్పు నూనె వాసన కలిసి మా బట్టలకీ, జుట్టుకీ, అన్నానికీ పట్టేసి ఉండేవి. నాయనమ్మ పొద్దున్నే దుకాణం గడపకు పసుపు రాసి, కాటాకు దండం పెట్టాకగానీ ఎవర్నీ అక్కడ కాలు పెట్టనిచ్చేది కాదు. మేం దేవుడి గదిలోకి మురికి కాళ్ళతో పోయినా ఊరుకునేదిగానీ, కాటా తాడు తొక్కితే వీపు పగిలేది. ఇంట్లో మా మాట తెలుగు, బజారులో హిందీ, అడవి నుంచి వచ్చేవాళ్ళతో గోండీ, దోర్లీ. మా నాయిన నాలుగు భాషల్లోనూ బేరమాడేవాడు, నాలుగింటిలోనూ ఒకటే అబద్ధం చెప్పేవాడు: "నాకు అక్కర్లేదు."

ఆయన పద్ధతి మాకు కంఠతా వచ్చు. కొనాల్సిన వస్తువు వైపు చూసేవాడు కాదు. దాని పక్కనున్న పనికిరానిదేదో ఎత్తి "ఇదెంత?" అనేవాడు. అసలుదాని ధర వినగానే చెవి సరిగ్గా వినబడనట్టు తల వంచేవాడు. లేచేవాడు, గడప దాకా పోయేవాడు, చెప్పు తొడుక్కునేవాడు, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు కూర్చునేవాడు. చివరికి ధర కుదిరాక అసలు పని మొదలయ్యేది, కొసరు. ధర ప్రకారం వచ్చేది వచ్చాక, పైన కొంచెం, ఊరికే, వేయించుకోవాలి. కొత్తిమీర కట్ట కొన్నా పైన రెండు రెమ్మలు పడాలి, ఎద్దును కొన్నా దాని మెడ గంట రావాలి. కొసరు పడని కొనుగోలు కొనుగోలే కాదని మా నాయిన నమ్మకం, అది లేకుండా వస్తువు ఇంట్లోకి వస్తే లక్ష్మి వెనక్కి తిరిగిపోతుందట. మరి అడవి నుంచి చింతపండు గంపలు నెత్తిన పెట్టుకుని వచ్చే ఆడవాళ్ళు బేరమే ఆడేవాళ్ళు కాదు. గంప దించి, ఆయన కొలిచిందే కొలతని ఉప్పు మూట కట్టుకుని పోయేవాళ్ళు. వాళ్ళకు పైన ఒక చారెడు ఉప్పు వేయటం నేను ఏనాడూ చూడలేదు. అడగటం తెలిసినవాడికే కొసరు అని ఆయన నవ్వేవాడు.

ఎండాకాలం చివర్లో చింతపండు కొట్టే పని పడేది. పెరట్లో బండ మీద కాయలు పోసి, కర్రతో కొట్టి, పెచ్చు తీసి, గింజ తీసి, ముద్దలు కట్టాలి. ఇంటిల్లిపాదీ కూర్చునేవాళ్ళం. ఆ రోజు ఎండు పెచ్చు ఒకటి ఎగిరొచ్చి నా ఎడమ కంట్లో తగిలింది. అప్పటికి ఏదో నలక పడ్డట్టే అనిపించింది. మర్నాటికి కన్ను ఎర్రబడి, రెప్ప వాచి, వెలుగు చూస్తే సూదులు గుచ్చినట్టు ఉండేది. నాయనమ్మ నందివర్ధనం పూలు పెట్టింది, తేనె వేసింది, ఏదో ఆకు పసరు పిండింది. ఒక్కోటి వేసినకొద్దీ ఇంకా మండింది. అమ్మ ఆగలేక దవాఖానా కాంపౌండరును పిలిపించింది. ఆయన దీపం పెట్టి చూసి, "నల్లగుడ్డు మీద పుండు లేచింది. ఇది నా చేతిల లేదు, జగ్దల్‌పూర్ డాక్టరు చూడాలె. జల్ది తీస్కపోండి, లేకుంటే పువ్వేస్తది" అన్నాడు. కంట్లో పువ్వు వేయటమంటే తెల్లటి పొర గడ్డకట్టి చూపు పోవటం. మా వీధిలో ఒక ముసలాయనకు ఉండేది. ఆ రాత్రి అమ్మ నిద్రపోలేదు.

సరిగ్గా అప్పుడే అడవిలో టేకు కూపు నరికించే గుత్త పని ముగించి నాగపూర్ వెళ్ళిపోతున్న ఠేకేదారు తన కారు అమ్మకానికి పెట్టాడు. పైన గుడ్డ కప్పు, ముందు పెద్ద దీపాలు, హ్యాండిల్ తిప్పితే లేచే కారు. అప్పటికే పాతది, ఒక తలుపు రెక్కకు తాడు కట్టి ఉండేది. వంతెన లేని ఇంద్రావతి నది దాటించి తీసుకుపోవటం కుదరదు, వానలు పడితే ఇక్కడే తుప్పుపట్టి పోతుంది, కనుక అమ్మక తప్పదు. మా నాయిన ఎప్పటినుంచో దాని మీద కన్నేశాడు. కారులో పోతే జగ్దల్‌పూర్ ఒక పగలు, మహా అయితే మర్నాడు. "కారు కొనుర్రి, అదే కారుల పిల్లను తీస్కపోవచ్చు" అంది అమ్మ. ఆయన సరేనన్నాడు. నాన్నలు అట్లాగే అంటారని సంతోషపడ్డాం. మర్నాడు పొద్దున నన్ను లేపి, వంటింటి వెనక ధాన్యం గదిలో చాప వేసి పడుకోబెట్టి తలుపు దగ్గరికేశాడు. "చీకట్ల ఉంటే కంటికి మంచిది" అన్నాడు నాతో. గడప అవతల అమ్మతో అన్నది కూడా నాకు వినబడింది. "పిల్లను ఆ ఠేకేదారు కంట పడనియ్యకు. మన గరజు వానికి తెలిసిందంటే ఒక్క రూపాయి దిగడు." గరజంటే అవసరం.

జబ్బు పడ్డ పిల్లను దాచిపెట్టారు, బేరం చెడకూడదని. ఏడిస్తే బయటికి వినబడుతుందని నాయనమ్మ నా నోట్లో బెల్లం ముక్క పెట్టేది.

ఠేకేదారు రోజూ సాయంత్రం మా అరుగు మీదికి వచ్చేవాడు. పెద్ద మనిషి, భార్య పోయి ఒంటరిగా ఉండేవాడు, నెమ్మదిగా మాట్లాడేవాడు. మొదటిరోజు మా నాయిన కారు చుట్టూ తిరిగి, చక్రాన్ని కాలితో తన్ని, "ఏందిది, కుంటుతదా?" అని అడిగాడట. తర్వాత ఎడ్ల సంతలో చేసినట్టు తన చేతి మీద తువ్వాలు కప్పి, ఆ తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పమని ముందుకు చాపాడు. పక్కవాళ్ళకు ధర తెలియకుండా చేసే బేరం అది. నాగపూర్ మనిషికి ఏం తెలుసు, ఎండలో వచ్చాడని మర్యాద చేస్తున్నాడనుకుని ఆ తువ్వాలు తీసుకుని మొహం తుడుచుకుని మడిచి ఇచ్చాడు. ఈ ముక్క చెప్పినప్పుడల్లా మా వాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతారు. చీకటి గదిలో నేనూ నవ్వాననుకుంటాను, అప్పటికింకా ఏడుపు సగమే మొదలైంది. ఆ రోజు ధర కుదరలేదు. ఆ మర్నాడూ కుదరలేదు. మా నాయిన చెప్పులు తొడుక్కోవటం, విప్పటం, ఆవలించటం, "నాకెందుకయ్యా కారు, ఎడ్లున్నయి" అనటం, అన్నీ గోడ ఇవతలికి వినబడేవి. కన్ను లోపల ఎవరో నిప్పుకణిక తిప్పుతున్నట్టు ఉండేది.

మా అమ్మ మగవాళ్ళున్న చోటికి వచ్చే మనిషి కాదు. దుకాణంలోకి మంచినీళ్ళు పంపాలన్నా తలుపు చాటు నుంచి చెయ్యి మాత్రం చాపేది. ఒక సాయంత్రం కొంగు నెత్తి మీదికి లాక్కుని గబగబా అరుగు మీదికి వచ్చేసింది. ఠేకేదారు ముందు నిలబడి, తనకు వచ్చీరాని హిందీలో, "భాయిసాబ్, నా బిడ్డ కన్ను పోతున్నది. జగ్దల్‌పూర్ పోవాలె" అంది. ఆయన లేచి నిలబడ్డాడట. లోపలికి వచ్చి, గది తలుపు తీసి, కట్టు విప్పి చూశాడు. ఆ చల్లటి వేళ్ళు నాకు గుర్తున్నాయి. బయటికి వెళ్ళి మా నాయినతో అన్నాడు, "సేఠ్, బేరం ఎక్కడికీ పోదు. నా డ్రైవరు తెల్లారకముందే బయల్దేరుతాడు. అమ్మనీ పిల్లనీ ఎక్కించండి. తిరిగి వచ్చాక కొంటే కొనండి, లేకుంటే లేదు." ఒక పరాయివాడు అంత మాట అన్నాడు. మా నాయిన చేతులు జోడించి, నవ్వి, "వద్దు సాబ్, అంత కష్టం లేదు. ఆడదానికి భయం ఎక్కువ. కంటికి మందు వేస్తున్నం, తగ్గుతున్నది" అన్నాడు.

ఆయన వెళ్ళిపోయాక ఇంట్లో పెద్ద గొడవ. అమ్మ గొంతు అంత పైకి లేవటం నేను అంతకుముందు వినలేదు. "ఊరికే పంపిస్తనన్నడు కదా, ఎక్కిస్తే మీ సొమ్మేం పోయింది?" మా నాయిన జవాబు ఇది, ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను. "వాని కారు ఒక్కసారి ఎక్కినమంటే వానికి రుణపడ్డట్టే. రుణపడ్డోడు బేరమెట్ల చేస్తడే? అడిగినంత ఇయ్యాల్సి వస్తది. నడుస్తున్న బేరంల అడ్డమొచ్చి గరజు బయటపెట్టినవు, ఇంకేం దిగుతడు వాడు? ఇప్పుడు నాకు మబ్బొక్కటే దిక్కు." తిట్టాడు, కొట్టలేదు. కొట్టి ఉంటే కూడా నాకు ఇంత కోపం ఉండేది కాదేమో. ఆయన దృష్టిలో తప్పు చేసింది అమ్మ.

మబ్బే దిక్కన్నది నిజంగానే అన్నాడు. వాన దగ్గరపడేకొద్దీ ఠేకేదారుకు తొందర, కనుక ధర దిగుతుంది. కానీ వాన పడితే వాగులు పొంగుతాయి, జగ్దల్‌పూర్ దారి మూసుకుపోతుంది. ఈ రెండోది ఆయన బుర్రకు తట్టలేదా? తట్టింది. కొంచెం ముందుగా దిగితే చాలు, వాగు రాకముందే బయల్దేరొచ్చని లెక్క వేసుకున్నాడు. వడ్డీ లెక్క కట్టినట్టు నా కంటి లెక్క కట్టాడు. పడమటి వైపు మొదటి ఉరుము వినబడిన పూట ఆయన అరుగు మీద తొడ చరిచి "ఇగ దిగుతడు సూడు" అన్నాడు. ఆ మాటలో ఉన్న సంతోషం నేను మరిచిపోలేదు. అప్పటికే నా ఆ కంటికి ఎదురుగా దీపం ఉందో లేదో తెలియటం ఆగిపోయింది.

ఆ సాయంత్రం ఠేకేదారు దిగాడు. విసుగొచ్చి దిగాడో, నన్ను చూసి దిగాడో ఎవరికి తెలుసు, మా నాయిన చెప్పిన ధరకే ఒప్పుకున్నాడు. లోపల అమ్మ అప్పటికే జొన్న రొట్టెలు చేసి మూట కట్టింది, నాకు తల దువ్వింది, కొత్త లంగా కట్టింది. ఠేకేదారు డ్రైవరే నీళ్ళు పోసి హ్యాండిల్ తిప్పి బండి లేపాడు. ఠేకేదారు ఒక పానా పట్టుకుని వచ్చి కారు పక్కనున్న హారన్ విప్పుకున్నాడు. అది తన పెళ్ళప్పుడు మామగారు ఇచ్చినదట, దాన్ని మాత్రం తీసుకుపోతానన్నాడు. మా నాయిన మొహం మారిపోయింది. "కొసరు లేకుండ కొనుడేంది సాబ్? ఎద్దునిచ్చి గంట విప్పుకుంటరా?" అన్నాడు. ఆయన ఇవ్వనన్నాడు. ఈయన గద్దె మీద కూర్చున్నాడు. ఇక లేవలేదు. దీపాలు పెట్టే వేళ దాటింది. బండి ఆపేశారు. మూట కట్టిన రొట్టెలు పక్కన పెట్టుకుని, కొత్త లంగాతో గడపలో కూర్చున్నాం, నేనూ అమ్మా. నాయనమ్మ కూడా "కొసరు లేకుండ మొదటి బండి ఇంటికొస్తదా" అని కొడుకునే వెనకేసుకొచ్చింది. పొద్దున్నే ఠేకేదారు వచ్చి ఆ హారన్‌ని గద్దె మీద పెట్టి వెళ్ళిపోయాడు. మా ఊరివాళ్ళంతా దాన్ని గెలుపు అన్నారు.

కారు ఎక్కాం. ఊళ్ళో వాన చుక్క పడలేదు, ఎండ కూడా కాస్తోంది. కానీ రాత్రి ఎగువ అడవిలో కురిసింది. వాగు దగ్గరికి వచ్చేసరికి ఎర్రటి నీళ్ళు ఒడ్డు దాటి, చెట్లను దొర్లించుకుంటూ పోతున్నాయి. డ్రైవరు దిగి చూసి తల అడ్డంగా ఊపి, "నిన్న సాయంత్రమే వచ్చుంటే మోకాళ్ళ లోతే సేఠ్" అన్నాడు. మా నాయిన దిగలేదు. ముందు సీట్లో కూర్చుని, కొత్తగా బిగించిన హారన్ పిసికాడు. మళ్ళీ పిసికాడు. వాగు పక్కకు తప్పుకుంటుందనుకున్నాడో ఏమో, ఆ బాతు అరుపు అడవంతా వినబడేట్టు మోగిస్తూనే ఉన్నాడు. అమ్మ నా చెవులు మూసింది. పొద్దు వాలేదాకా కూర్చుని వెనక్కి తిరిగాం. ఆ వాగు ఇక ఆ వానాకాలమంతా దిగలేదు.

నీళ్ళు తగ్గాక అదే కారులో జగ్దల్‌పూర్ తీసుకుపోయారు. అది రాజుగారి ఆసుపత్రి, డబ్బు తీసుకోరు. డాక్టరు రెప్ప ఎత్తి చూసి, "పహలే క్యోం నహీ లాయే?" అన్నాడు. ముందే ఎందుకు తీసుకురాలేదని. బేరమాడటానికి అక్కడ ఏమీ లేదు కనుక మా నాయినకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తర్వాత నన్ను ఆ ఊళ్ళోనే చదివించాడు, అడిగిన పుస్తకాలన్నీ ఎంతంటే అంతకు కొన్నాడు, నేను పంతులమ్మనయ్యాను. పిల్లలు వెనక నుంచి ఒంటికన్ను టీచరనేవాళ్ళు. ఆయన మారాడని, లోలోపల కుమిలిపోయాడని నాకు చెప్పినవాళ్ళు ఉన్నారు. కుమిలితే నా ముందు కుమలాలి. ఒక్కసారి "తప్పయింది బిడ్డా" అనాలి. అనలేదు. అంటే ధర ఒప్పుకున్నట్టవుతుంది కదా. పైగా ఆ హారన్‌ని చచ్చేదాకా తుడుస్తూనే ఉన్నాడు. ఇప్పుడు అడవి ఆడవాళ్ళు బజారులో కాటా వైపు వేలు చూపించి గట్టిగా అడుగుతున్నారు, వాగు మీద వంతెన ఉంది, అంబులెన్స్ పిలిస్తే వస్తుంది. కాలం మారిందని చెప్పటానికి నాకేం అభ్యంతరం లేదు. మా ఇల్లు మారలేదు.

శీను కథ ముగించి, జనం లడ్డూల వైపు జరిగాక, నేను బల్ల వెనక్కి వెళ్ళి హారన్ చేతిలోకి తీసుకున్నాను. "ఇది నేను తీసుకుపోతున్నాను" అన్నాను. వాడు నవ్వాడు. "దుకాణానికి గుర్తు అత్తా అది. నువ్వేం చేసుకుంటవు? ఇంట్ల మూలకు పడేస్తవు." అంటూ దాని మీద చెయ్యి వేశాడు, నేను వదల్లేదు. వాడు గొంతు తగ్గించాడు, తల కొంచెం వంచాడు, అచ్చం వాళ్ళ తాత వంచినట్టు. "సరే, చెప్పు మరి. ఏం తీస్కొని ఇడుస్తవు?"

ఇంట్లో పిల్లలెవరి ముందూ నేను నల్ల కళ్ళద్దాలు తీయను. వాడు పుట్టిన దగ్గర్నుంచీ చూడలేదు. తీసి బల్ల మీద పెట్టాను. ట్యూబులైటు కింద నిలబడి, మొహం వాడివైపు తిప్పి, ఎడమ కన్ను పూర్తిగా తెరిచాను. ఆ తెల్లటి పువ్వుని వాడు చూశాడు.

"దీని ధర మీ తాత బేరం నాడే నేను కట్టాను రా. తక్కువ చేయగలవేమో చూడు."

వాడు హారన్ మీద నుంచి చెయ్యి తీసేశాడు. మా ఇంట్లో ఒక వస్తువు బేరం లేకుండా చేతులు మారటం నేను చూడటం అదే మొదలు. కొసరు కూడా అడగలేదు.